ఈ పదేళ్లలో బెస్ట్ సినిమా ఏది? తరచుగా అడిగే ప్రశ్నలు (2010–2019)

భోజనాలయ్యాక కుర్చీలు గుండ్రంగా లాక్కుని కూర్చునే బ్యాచ్ ప్రతి పెళ్లింట్లోనూ ఒకటుంటుంది. మా బంధువుల్లో ఆ బ్యాచ్‌కి పెద్ద మా బావ. కిళ్లీ బుగ్గన పెట్టుకుని "ఇంతకీ ఈ పదేళ్లలో బెస్ట్ సినిమా ఏదిరా?" అని అగ్గిపుల్ల గీసి పడేస్తాడు. ఇక రెండు గంటలపాటు షామియానా వాళ్లు వచ్చి కుర్చీలు అడిగినా ఎవరూ లేవరు. 2019 డిసెంబరులో మొదలైన ఆ పంచాయితీ ఇప్పటికీ తెగలేదు. తిరిగి తిరిగి అవే ప్రశ్నలు వస్తున్నాయి కాబట్టి అన్నిటినీ ఒకచోట చేర్చాను. జవాబులు మాత్రం నావి. ఒప్పుకోకపోతే మానేయండి, కాకపోతే సినిమా చూసి మానేయండి.

పదేళ్లంటే 2010 నుంచా, 2011 నుంచా?

ఈ ప్రశ్న వేయడానికి లెక్కల మాస్టారు ఒకాయన ఎక్కడైనా ఉంటాడు. సున్నా సంవత్సరం లేదు కాబట్టి దశాబ్దం 2011లో మొదలై 2020తో అయిపోతుందంటాడు. ఆయన లెక్క కరెక్టే. సినిమాకి మాత్రం అది నప్పదు. 2011 నుంచి మొదలుపెడితే 'ఏ మాయ చేసావె', 'లీడర్', 'ప్రస్థానం', 'వేదం', 'మర్యాద రామన్న', 'ఖలేజా', 'ఆరెంజ్' ఒక్క దెబ్బకి ఎగిరిపోతాయి. ఇవన్నీ 2010లో వచ్చినవే. ఇంకోవైపు, 2020 మార్చిలో థియేటర్లకి తాళాలు పడ్డాయి. ఆ ఏడాది చివర్లో వచ్చిన 'కలర్ ఫోటో', 'మిడిల్ క్లాస్ మెలొడీస్' నేరుగా ఇళ్లలోకే వచ్చాయి. ఈల వేసే జనం పక్కన లేకుండా చూసిన సినిమాలని ముందు వాటితో కలిపి తూచలేం. అందుకే 2010 జనవరి 1 నుంచి 2019 డిసెంబరు 31 దాకా. 'అల వైకుంఠపురములో' అభిమానులు పన్నెండు రోజుల తేడాతో పోయిందని నన్ను తిట్టుకుంటారని తెలుసు.

డబ్బింగులు, రీమేకులు లెక్కలోకి వస్తాయా?

డబ్బింగ్ రాదు. రీమేక్ వస్తుంది, దర్శకుడికి మాత్రం సగం మార్కులే. 'గబ్బర్ సింగ్'కి మూలం హిందీ 'దబంగ్' అయినా, చూస్తున్నంతసేపూ హిందీ గుర్తే రాదు. హరీష్ శంకర్ దాన్ని అంతగా మన ఊరి పోలీస్ స్టేషన్‌లోకి దింపేశాడు. రెండు భాషల్లో ఒకేసారి తీసిన 'ఈగ', 'బాహుబలి', 'ఘాజీ' మనవే. గౌతమ్ మేనన్ అయితే ఒకే కథని తెలుగులో, తమిళంలో వేరువేరుగా తీసి 2010 ఫిబ్రవరి 26న ఒకేరోజు వదిలాడు. అక్కడ జంటని విడదీశాడు, మనకి కలిపాడు. మనవాళ్లు ఏడుస్తూ ఇంటికెళ్లడం ఇష్టపడరని ఆయనకి ఎవరు చెప్పారో!

వసూళ్లు చూసి తేల్చేయొచ్చు కదా?

నైజాం (తెలంగాణ) ఎంత, సీడెడ్ (రాయలసీమ) ఎంత, ఓవర్సీస్ ఎంత అని షేర్ లెక్కలు నిద్రలో లేపి అడిగినా చెప్పే కుర్రాళ్లు మా ఇంట్లోనే ఇద్దరున్నారు. మొన్నటి సెమిస్టర్ మార్కులు మాత్రం గుర్తుండవు. వసూళ్లు చెప్పేది ఎంతమంది వెళ్లారన్నది. బయటికొచ్చాక వాళ్లేమన్నారు, ఐదేళ్ల తర్వాత మళ్లీ పెట్టుకుని చూశారా అన్నది ఆ అంకెల్లో ఉండదు. పైగా పదేళ్లలో టికెట్ రేటు ఎక్కడినుంచి ఎక్కడికో వెళ్లింది. 2010 గ్రాస్‌ని 2019 గ్రాస్ పక్కన పెట్టడమే అన్యాయం.

'బాహుబలి' ఉండగా ఇంకా వాదమెందుకు?

ఇది ప్రశ్న కాదు, టేబుల్ మీద చెయ్యేసి కొట్టడం. ఆ దెబ్బకి బలం లేదని అనను. 2015 జూలై 10న వచ్చిన మొదటి భాగం జాతీయ స్థాయిలో ఉత్తమ చిత్రం అవార్డు తెచ్చింది. అంతకుముందు ఏ తెలుగు సినిమాకీ అది రాలేదు. 2017 ఏప్రిల్ 28న వచ్చిన రెండో భాగం వెయ్యి కోట్లు దాటిన తొలి భారతీయ సినిమా. దాదాపు రెండేళ్లపాటు కట్టప్ప ఎందుకు చంపాడన్న ఒక్క ప్రశ్న మీద దేశాన్నంతా కూర్చోబెట్టడం మామూలు విషయం కాదు.

రెండో భాగం ఇంటర్వెల్ గుర్తుందా? పట్టాభిషేకం భల్లాలదేవుడిది. సేనాధిపతిగా ప్రమాణం చేసేది బాహుబలి. ఆ పేరు పలకగానే జనంలోంచి పుట్టిన హోరు కొత్త రాజు సింహాసనం దాకా పాకుతుంది. కిరీటం ఒకడి నెత్తిన, రాజ్యం ఇంకొకడి చేతిలో అన్న సంగతి ఒక్క డైలాగ్ లేకుండా అర్థమైపోతుంది. రాజమౌళి అంటే అదీ.

అయినా పెద్దదీ గొప్పదీ ఒకటి కాదు. మొదటి భాగం విడిగా చూస్తే సగం కథే. అవంతిక యోధురాలని పరిచయం చేసి, శివుడు ఆమె వేషం మార్చి ఆడపిల్లగా తీర్చిదిద్దే సీను మీద అప్పట్లో వచ్చిన విమర్శ న్యాయమైనదే. నన్నడిగితే రాజమౌళి సినిమాల్లో నా ఓటు 2012లో వచ్చిన 'ఈగ'కి. హీరో కాసేపటికే చచ్చిపోతాడు. ఆ తర్వాత హీరో అంటే మాట్లాడలేని ఒక పురుగు. రాత్రి పక్క మీద పడుకున్నాక చెవి దగ్గర జుయ్‌మంటూ తిరిగే ఈగతో వేగని తెలుగువాడెవడు? ఆ చిరాకునే పగగా మార్చి విలన్ సుదీప్‌ని నిద్రపోనివ్వకుండా ఏడిపించాడు. ఈగ కారు అద్దం మీద బెదిరింపు రాస్తే హాల్లో జనం స్టార్ హీరో ఎంట్రీకి వేసినట్టు ఈలలు వేశారు. మాహిష్మతి కట్టడం కంటే అది కష్టం.

ఫ్లాపైన సినిమాని బెస్ట్ లిస్టులో ఎలా పెడతారు?

2014 సంక్రాంతికి '1 నేనొక్కడినే' మా ఊళ్లో సింగిల్ స్క్రీన్‌లో చూశాను. పండక్కి వచ్చిన కుటుంబాలతో హాలు కిటకిటలాడుతోంది. సెకండాఫ్ సగంలో నా ముందు వరసాయన కాళ్లతో చెప్పులు వెతుక్కుంటూ లేచాడు. "ఏది జరిగిందో, ఏది వీడి భ్రమో తెలీట్లేదు, పిల్లలకి ఆకలేస్తోంది, పదండి" అని మొత్తం ఆరుగురినీ లేపుకెళ్లిపోయాడు. ఆయన్ని తప్పుపట్టను. పండగపూట బూరెలు తిని సినిమాకి వచ్చినవాడికి మతి చెదిరిన హీరో తలలోకి దూరమంటే ఎలా? కొద్ది రోజుల్లోనే సినిమాని ఇరవై నిమిషాల దాకా కోసేశారు. కోసినా నిలబడలేదు.

తర్వాత అదే సినిమా టీవీలో, ఫోన్లలో మెల్లగా లేచింది. మళ్లీ చూసినవాళ్లకి మొదటి సీన్లలో ముందే పెట్టిన ఆనవాళ్లు కనపడ్డాయి. అమ్మానాన్నల ముఖాలు గుర్తులేని కొడుకు చివరికి వాళ్లని చూసే ఘట్టం ఇప్పుడు చూస్తే గొంతు పట్టేస్తుంది. ఆరోజు ఆ ఆరుగురూ వెళ్లిపోయాక వచ్చింది ఆ ఘట్టం.

'ఖలేజా'ది ఇంకో రకం. 2010లో జనం తల గోక్కున్నారు. తాను దేవుడినన్న సంగతి తనకే తెలియని ట్యాక్సీ డ్రైవర్ కథ అది, వెటకారంగా మొదలై మెల్లగా వేరే ఎత్తుకి వెళ్తుంది. టీవీలో వేసినప్పుడల్లా కొత్త అభిమానులు పుట్టారు. 2025 మేలో మళ్లీ విడుదల చేస్తే మొదటిసారి రాని జనం అప్పుడొచ్చారు. 'ఆరెంజ్' నష్టాలు ఎంత లోతుగా దెబ్బతీశాయో నిర్మాత నాగబాబు తానే చెప్పుకున్నారు. 2023 మార్చిలో రీరిలీజ్ అయితే పాటలకి హాలంతా లేచి గొంతు కలిపింది. పెళ్లయ్యాక ప్రేమ తగ్గుతుందని చెప్పే హీరోని 2010లో ఎవరూ భరించలేదు. ఇప్పటి పిల్లలకి అందులో వింతేమీ లేదు.

దీనికి రెండో వైపు కూడా ఉంది. ఫ్లాపైన ప్రతిదాన్నీ 'కల్ట్' అనడం ఈమధ్య జబ్బుగా మారింది. కొన్ని సినిమాలు ఆడకపోవడానికి ఒకే ఒక్క కారణం, బాగోలేకపోవడం.

అవార్డులని నమ్మొచ్చా?

2014 ఒక్క సంవత్సరం తీసుకోండి. జాతీయ అవార్డుల్లో ఉత్తమ తెలుగు చిత్రం 'చందమామ కథలు'. నంది అవార్డుల్లో 'లెజెండ్'. ఆ నందులు కూడా 2014, 15, 16 మూడేళ్లవీ కలిపి 2017 నవంబరులో ఒకేసారి ప్రకటించారు, పెద్ద రభసే అయింది. తెలంగాణ ప్రభుత్వం 2025లో గద్దర్ అవార్డులు పెట్టి పాత సంవత్సరాలకీ ఇచ్చినప్పుడు 2014కి 'రన్ రాజా రన్'. ఇక వీధిలో ఎవరినడిగినా ఆ ఏడాది సినిమా 'మనం' అంటారు. అక్కినేని నాగేశ్వరరావు జనవరిలో కన్నుమూశారు, సినిమా మేలో వచ్చింది, మూడు తరాలని ఒకే తెర మీద చూసి జనం కళ్లు తుడుచుకున్నారు. ఒక్క ఏడాదికి నాలుగు జవాబులు. 2019కీ అంతే: జాతీయ అవార్డు 'జెర్సీ'కి, గద్దర్ 'మహర్షి'కి.

అయినా అవార్డుల వల్ల ఒక లాభం ఉంది, మనం చూడనివి బయటపడతాయి. 2012 నుంచి ఉత్తమ తెలుగు చిత్రాల వరస చూడండి: 'ఈగ', 'నా బంగారు తల్లి', 'చందమామ కథలు', 'కంచె', 'పెళ్లి చూపులు', 'ఘాజీ', 'మహానటి', 'జెర్సీ'. మా బ్యాచ్‌లో 'నా బంగారు తల్లి' చూసినవాళ్లు చేతులెత్తమంటే రెండు చేతులే లేచాయి, అందులో ఒకటి మా అక్కది.

నాకు బాగా నచ్చిన అవార్డు మాత్రం వేరే. 'రంగస్థలం'కి జాతీయ స్థాయిలో వచ్చింది సౌండ్ మిక్సింగ్‌కి. చెవులు సరిగ్గా వినపడనివాడి కథకి శబ్దంలో బహుమతి!

కామెడీ సినిమాలంటే అంత చిన్నచూపెందుకు?

ఇది మా బావ ప్రశ్న. ఆయన ఓటు 2011 నాటి 'దూకుడు'కి, ఎప్పటికీ. బొక్కా వెంకట్రావుగా ఎమ్మెస్ నారాయణ తాను సినిమా హీరో అయిపోయానని మురిసిపోతుంటాడు. పద్మశ్రీగా బ్రహ్మానందం రియాలిటీ షోలో ఉన్నానని నమ్ముతాడు. ఇద్దరికీ అసలు ఆట తెలియదు, చూసే మనకి తెలుసు. "ఏడిపించడం ఎవడైనా చేస్తాడురా, రెండు గంటలు నవ్వించి చూపించు" అంటాడు బావ. ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు.

ఉన్నదల్లా ఒక ఫిర్యాదు. 'దూకుడు' అంత ఆడటమే దాని పాపమైంది. ఒక పెద్దింట్లో హీరో దూరడం, ఒకణ్ని బకరా చెయ్యడం, చివర్లో విలన్‌ని కూడా ఆ నాటకంలోకి లాగడం, ఇదే అచ్చు మీద మూడు నాలుగేళ్లు సినిమాలు పోతపోశారు. 2014లో శ్రీను వైట్ల తీసిన 'ఆగడు' వచ్చేసరికి జనానికి మొహం మొత్తేసింది. 2015 జనవరిలో ఎమ్మెస్ నారాయణ పోయారు. తర్వాత నవ్వు వేరే దారి పట్టింది. 'పెళ్లి చూపులు'లో ప్రియదర్శి, 'ఈ నగరానికి ఏమైంది'లో నలుగురు స్నేహితులు, 'బ్రోచేవారెవరురా'లో ముగ్గురు దద్దమ్మలు, 'ఏజెంట్ సాయి శ్రీనివాస ఆత్రేయ'లో నెల్లూరు డిటెక్టివ్. విడిగా కామెడీ ట్రాకంటూ లేదు, మనుషుల మాటల్లోంచే నవ్వు వచ్చింది. 'దూకుడు' నా మొదటి పదిలో లేదు. బావతో నేను భోజనం మానుకోకుండా ఉండాలంటే పదకొండోది అని చెప్తాను.

చిన్న సినిమాల్ని మీరు జాలితో ఎక్కించట్లేదా?

కొంత నిజమే. బడ్జెట్ తక్కువని మార్కులు కలిపేవాళ్లున్నారు. కెమెరా సరిగ్గా పెట్టడం రానివాడికి నిజాయితీ ఉందని దండ వేయక్కర్లేదు.

'కేరాఫ్ కంచరపాలెం'కి ఆ జాలి అక్కర్లేదు. 2018 సెప్టెంబరు 7న వచ్చింది. వెంకటేశ్ మహాకి మొదటి సినిమా. నటించినవాళ్లలో ఎక్కువమంది విశాఖ కంచరపాలెం వాళ్లే, అంతకుముందు కెమెరా ముందుకి రానివాళ్లే. నాలుగు ప్రేమకథలు పక్కపక్కన నడుస్తాయి. వాటిలో వైన్ షాపులో పనిచేసే గడ్డం కథ చాలు నాకు. రోజూ మందు కొనడానికి ఒకామె వస్తుంది. బురఖాలో ఆమె కళ్లు తప్ప వాడికేమీ కనపడవు. వాడు ఆ కళ్లనే ప్రేమిస్తాడు. ఆమె ఎవరు, ఏం చేస్తుందన్నది తెలిశాక కూడా వాడి ముఖంలో పెద్ద మార్పు రాదు. స్టార్ హీరో అయితే అక్కడ ఒక ఉపన్యాసం దంచేవాడు. ఈ నాలుగు కథలూ చివర్లో ఎలా కలుస్తాయో చెప్పను. చూడనివాళ్లకి చెప్పినవాడికి పాపం చుట్టుకుంటుంది.

పదేళ్లలో నిజంగా మారిందేమిటి?

నన్నడిగితే యాస.

అంతకుముందు తెలంగాణ మాట తెరమీద వినపడిందంటే వాడు విలన్ పక్కనుండే రౌడీ, లేదంటే కమెడియన్. శ్రీకాకుళం యాస పనివాళ్లకి, రాయలసీమ యాస సుమోల్లో తిరిగేవాళ్లకి. హీరో హీరోయిన్లు మాత్రం ఏ ఊరిదీ కాని పుస్తకాల తెలుగు మాట్లాడేవారు. 2017లో 'ఫిదా' వచ్చింది. బాన్సువాడ పిల్ల భానుమతి సినిమా మొత్తం తన యాసలోనే ప్రేమించింది, పోట్లాడింది, ఏడ్చింది. సాయి పల్లవి తమిళనాడు అమ్మాయి, అయినా తన గొంతు తానే చెప్పుకుంది. మా వదినది కామారెడ్డి. ఆ సినిమా చూసొచ్చాక "మా మాటల హీరోయిన్ నవ్వులాటకి గాకుండ వచ్చుడు ఇదే ఫస్ట్ టైం" అంది. అందరం నవ్వాం, ఆమె నవ్వలేదు.

ఆ తర్వాత 'మల్లేశం' వచ్చింది. చీరకి ఆసు పోయడానికి (నేతకి ముందు దారాన్ని మేకుల చుట్టూ తిప్పి సిద్ధం చేయడానికి) అమ్మ చెయ్యి రోజూ వేలసార్లు అటూ ఇటూ తిప్పలేక భుజం నొప్పితో పడే బాధ చూడలేక యంత్రం చేసిన చింతకింది మల్లేశం కథ. ఆయనకి 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆ సినిమాలో యాస అలంకారం కాదు, ఆ ఇంటి గోడలా ఉంది. 'రంగస్థలం' గోదావరి పల్లెని, 'కంచరపాలెం' విశాఖ వీధుల్ని అలాగే వినిపించాయి. ఫ్యాక్షన్ సినిమాల సీమని కూడా 'అరవింద సమేత' కొంచెం పక్కకి తిప్పింది. కత్తి దింపాక ఆడవాళ్ల మాట వినాలంది. అందులో పెంచల్ దాస్ రాసిన పాటలో సీమ మాట దానంతటది వినపడుతుంది.

ఉత్తమ దర్శకుడు ఎవరు? రాజమౌళా, సుకుమారా, త్రివిక్రమా?

ముందొక మాట. ఉత్తమ సినిమా, ఉత్తమ దర్శకుడు రెండూ వేరు పంచాయితీలు. సగం గొడవలు ఈ రెంటినీ కలిపేయడం వల్లే వస్తాయి. సినిమా అంటే ఒక్క దెబ్బ. దర్శకుడిని చూడాలంటే పదేళ్ల వరస చూడాలి, ఆ వరసలో చెడ్డవాటితో సహా.

త్రివిక్రమ్ ఈ పదేళ్లలో ఏడు సినిమాలు తీశాడు. 'అత్తారింటికి దారేది' విడుదలకి ముందే సగానికి పైగా బయటికి లీకైనా 2013 సెప్టెంబరు 27న వచ్చి రికార్డులు కొట్టింది. తెలుగు వాక్యాన్ని అంత సునాయాసంగా వాడేవాడు ఇప్పుడు ఇంకొకడు లేడు. కానీ పెద్ద భవంతి, విడిపోయిన కుటుంబం, పేరు దాచుకుని వచ్చిన హీరో, ఇవే మళ్లీ మళ్లీ. 2018 జనవరిలో 'అజ్ఞాతవాసి' దెబ్బతిని, అదే అక్టోబరులో 'అరవింద సమేత'తో లేచాడు. ఆ లేవడం నాకు నచ్చింది.

సుకుమార్‌వి నాలుగే: '100% లవ్', '1 నేనొక్కడినే', 'నాన్నకు ప్రేమతో', 'రంగస్థలం'. ఒకదానికొకటి పోలికే లేదు. తెలివి చూపించుకోవాలన్న తాపత్రయం మూడిటిలో కనపడుతుంది, నాలుగోదానిలో తగ్గింది. అందుకే నాలుగోది గొప్పది.

క్రిష్ పేరు ఈ వాదంలో వెనకబడటం నాకు బాధ. 'వేదం'లో కేబుల్ రాజు ఆసుపత్రిలో ఒక ముసలి నేతకారుడి చేతిలోని డబ్బు లాక్కుని పరిగెడతాడు. ఆ డబ్బు కిడ్నీ అమ్ముకుని తెచ్చింది. పరిగెత్తినవాడు వెనక్కి వచ్చి ఇచ్చేస్తాడు. అంతే సీను. అప్పటిదాకా స్టైలుకి పేరున్న అల్లు అర్జున్ ముఖంలో సిగ్గు అన్నది మొదటిసారి చూశాను. ఆ ఏడాది ఫిల్మ్‌ఫేర్‌లో ఉత్తమ చిత్రం, దర్శకుడు, నటుడు, నటి నాలుగూ దానికే వచ్చాయి. తర్వాత 'కృష్ణం వందే జగద్గురుం', 'కంచె', 'గౌతమిపుత్ర శాతకర్ణి' దాకా బాగానే వచ్చి, 2019లో ఎన్టీఆర్ జీవితం రెండు భాగాల దగ్గర చతికిలబడ్డాడు.

నా జవాబు రాజమౌళే. 'బాహుబలి' వల్ల మాత్రం కాదు. 2009లో 'మగధీర' అంత పెద్ద హిట్టు కొట్టినవాడు తర్వాత ఏం చెయ్యాలి? ఇంకో పెద్ద హీరోని పట్టుకోవాలి. ఆయన కమెడియన్ సునీల్‌ని హీరోగా పెట్టి, గడప దాటితే చంపుతారు కాబట్టి ఇంట్లోంచి బయటికి రాలేనివాడి కథ 'మర్యాద రామన్న' తీశాడు. ఆ తర్వాత ఈగని హీరోగా పెట్టాడు. గెలిచాక కూడా అంత పందెం కాసినవాడు ఇంకొకడు కనపడలేదు.

శేఖర్ కమ్ముల, ఇంద్రగంటి, కొరటాల?

కమ్ముల 'లీడర్', 'ఫిదా' మధ్యలో తడబడ్డాడు. ఇంద్రగంటి మోహనకృష్ణ సినిమాల్లో మనుషులు పుస్తకాలు చదువుతారు, ఆ ఒక్కదానికే నా అభిమానం, 'సమ్మోహనం' మళ్లీ చూడండి. కొరటాల శివ నాలుగు సినిమాలు తీసి నాలుగూ ఆడించాడు. అయినా వాటిలో ఒక్క సీనూ నా తలలో ఉండిపోలేదు. తప్పు నాదే అయ్యుండొచ్చు.

ఒకటి రెండు సినిమాలు తీసినవాళ్లని దర్శకుల లిస్టులో పెట్టొచ్చా?

మొదటి సినిమాకి ప్రతివాడూ ఇరవై ఏళ్లు దాచుకున్నదంతా పోసేస్తాడు. అసలు పరీక్ష రెండోది. నాగ్ అశ్విన్ 'ఎవడే సుబ్రమణ్యం' తర్వాత 'మహానటి' తీశాడు. సావిత్రి ఎడమ కంట్లోంచి మాత్రమే రెండు చుక్కలు రాల్చే సీను కోసం టికెట్ మళ్లీ కొన్నవాళ్లు నాకు తెలుసు. గౌతమ్ తిన్ననూరి 'మళ్ళీ రావా' తర్వాత 'జెర్సీ' తీశాడు. ముప్పై ఆరేళ్ల వయసులో మళ్లీ బ్యాట్ పట్టిన అర్జున్, జట్టులో చోటు దొరికిందని తెలిశాక ఎవరికీ చెప్పడు. రైల్వే ప్లాట్‌ఫారం మీదికి వెళ్లి, రైలు వస్తున్న చప్పుడులో గొంతు చించుకుని అరుస్తాడు. ఆ అరుపు ఇంకెవరికీ వినపడకూడదు, అందుకే రైలు. వివేక్ ఆత్రేయ కూడా 'మెంటల్ మదిలో' తర్వాత 'బ్రోచేవారెవరురా'తో పాసయ్యాడు. ఈ ముగ్గురినీ పెడతాను.

'అర్జున్ రెడ్డి'ని వదిలేశారేం?

వదల్లేదు, వాయిదా వేస్తూ వచ్చాను. 2017 ఆగస్టులో మూడు గంటల సినిమాని ఒక కొత్త దర్శకుడు వదిలితే కుర్రాళ్లు ఊగిపోయారు, కాంగ్రెస్ నేత వి. హనుమంతరావు బస్సు మీద పోస్టర్ చింపారు. తీసిన తీరులో ఆ ఊపిరి అంతకుముందు లేదు. ఎడిటింగ్, సౌండ్, విజయ్ దేవరకొండ నటన, వేటికీ వంక పెట్టలేను. ప్రీతికి మాత్రం సినిమా సగం అయ్యేదాకా నోట్లో మాటే లేదు. ఒక అబ్బాయి వచ్చి ఈమె నాది అని క్లాసులో ప్రకటిస్తే అది ప్రేమ అని సినిమా నమ్ముతోంది, నేను నమ్మలేకపోయాను. ప్రభావంలో మొదటి ఐదులో ఉంటుంది. ఇష్టంలో నా లిస్టులో లేదు.

మహిళా దర్శకులు ఎక్కడ?

సిగ్గుపడాల్సిన ప్రశ్న. పదేళ్లలో నిలకడగా వినపడిన పేరు నందినీ రెడ్డి ఒక్కరిదే. 2011 జనవరిలో 'అలా మొదలైంది'తో వచ్చి 2019లో 'ఓ బేబీ' దాకా నాలుగు సినిమాలు తీశారు. నలభైకి పైగా సినిమాలకి దర్శకత్వం వహించి గిన్నిస్‌కెక్కిన విజయనిర్మల పుట్టిన పరిశ్రమ ఇది. 2019 జూన్‌లో ఆమె పోయినప్పుడు అందరూ ఆ రికార్డు గుర్తుచేసుకున్నారు. ఆ తర్వాత ఆమె దారిలో ఎంతమంది వచ్చారని ఎవరూ అడగలేదు.

మా హీరో సినిమా ఒక్కటీ లేదేం?

మీ హీరోనే అడగండి.

సరే, మీ పది చెప్పండి.

మొదటిది 'రంగస్థలం'. స్టార్ ఉన్నాడు, పాటలున్నాయి, ఫైట్లున్నాయి, ఏదీ వదులుకోలేదు. వాటి మధ్యే సొసైటీ అప్పులు, ముప్పై ఏళ్లుగా మారని ప్రెసిడెంటు, పైకి మెత్తగా ఉండే కులపిచ్చి అన్నీ పట్టాయి. గొంతు తెగిన అన్న చివరిగా ఏదో చెప్తుంటే చిట్టిబాబుకి వినపడదు. సినిమా మొదట్లో మనం నవ్వుకున్న ఆ చెవుడే అక్కడ మన పీక నొక్కుతుంది. రెండోది 'కేరాఫ్ కంచరపాలెం', నా దృష్టిలో తేడా అర మార్కే. తర్వాత 'ఈగ', 'వేదం', 'మహానటి', 'జెర్సీ'. ఏడోది 'పెళ్లి చూపులు'. ఎనిమిది 'ప్రస్థానం', అందులో సాయికుమార్ కోసమైనా. తొమ్మిది '1 నేనొక్కడినే'. పది 'మనం'. పదో చోటు కోసం 'మల్లేశం'తో చాలాసేపు పెనుగులాడాను, రేపు అడిగితే మారొచ్చు.

మీ బావ ఒప్పుకున్నాడా?

మొన్న ఒక గృహప్రవేశంలో ఈ లిస్టు చదివి వినిపించాను. మొత్తం విన్నాడు. కిళ్లీ ఉమ్మి వచ్చి కూర్చుని, "అన్నీ బాగానే ఉన్నాయిరా, నవ్వొచ్చేది ఏదీ?" అన్నాడు. పక్కనే టీవీలో 'దూకుడు' వస్తోంది. ఎమ్మెస్ నారాయణ సీను వచ్చేసరికి లిస్టు మడిచి జేబులో పెట్టుకుని నేనూ చూశాను.